మా బావని అన్నని చేసిన ఫారం

మా అక్క పెళ్ళి ఆగిపోబోయింది. ఆపబోయింది గిట్టనివాళ్ళెవరో కాదు, నేనే. అదీ పగబట్టి కాదు. ప్రేమతో, మూడు రోజులు సెలవు పెట్టి, నడుం పట్టేసేలా కంప్యూటరు ముందు కూర్చుని మరీ ఆపబోయాను. మీ ఇంట్లో ఎవరికైనా "మా పిల్లకి కంప్యూటరు బాగా వచ్చు" అని నలుగురిలో చెప్పుకునే అలవాటుంటే, ఇది చదివి ఈరోజే మాన్పించండి. మా అమ్మ అలా చెప్పుకునే నన్ను చెడగొట్టింది.

అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. తెనాలిలో ఒక కాలేజీ ఆఫీసులో ఆన్‌లైన్ అడ్మిషన్ ఫారాలు తయారుచేసే పని. ఉద్యోగం చిన్నదే గాని, పొగరు మాత్రం ప్రిన్సిపాల్ గారికి ఉండాల్సినంత ఉండేది. దానికి కారణం ఒక గడి. మీరూ చూసే ఉంటారు. ఫారంలో జిల్లా అని ఒక గడి ఉంటుంది, పక్కన కిందికి చూసే చిన్న బాణం. నొక్కితే జిల్లాల పేర్లు బారుగా దిగుతాయి. దాన్ని డ్రాప్‌డౌన్ అంటారు. మీరు బాపట్ల అని ఎంచుకుంటే, కింద మండలం అనే గడిలో బాపట్ల జిల్లా మండలాలే కనిపిస్తాయి. రేపల్లె ఉంటుంది, తెనాలి ఉండదు. గుంటూరు అంటే తెనాలి ఉంటుంది, రేపల్లె ఉండదు. పై గడి చెప్పినట్టు కింది గడి వినాలి, అంతే విద్య. అది పట్టుబడిన రోజు నుంచి నేను నేల మీద నడవలేదు.

మా సీనియర్ శేషగిరి గారు అప్పుడే ఒకసారి హెచ్చరించారు. "కరుణా, పైది మారిస్తే కిందిది ఖాళీ అవుతోందా లేదా చూసుకున్నావా? లేకపోతే పాతదే లోపల ఉండిపోద్దమ్మా."

"ఒకసారి నొక్కింది ఎవరు మారుస్తారండి?" అన్నాను.

ఆయన నన్ను ఓ క్షణం చూసి టీ తాగడానికి వెళ్ళిపోయారు. ఆ చూపుకి అర్థం నాకు రెండు నెలల తర్వాత, మా చర్చి ఆవరణలో తెలిసింది.

ఇక మా అక్క సంగతి. పేరు శాంతి. బాపట్లలో టీచరు. వయసు ముప్పై రెండు. రెండు సంబంధాలు చివరిదాకా వచ్చి, ఎవరో ఏదో అన్నారని వెనక్కి పోయాయి. మా నాన్న పోయాక అది నవ్వడం కూడా తగ్గించేసింది. అలాంటిది రేపల్లె లీలావతి అత్తయ్య కొడుకు ప్రభాకర్ బావ ఇంటికొచ్చి, "శాంతి ఒప్పుకుంటే చేసుకుంటానండి" అని మా అమ్మనే నేరుగా అడిగాడు. ఆ సాయంత్రం అక్క వంటింట్లో పాట పాడింది. ఎంత చెడ్డగా పాడిందో చెప్పలేను. అమ్మా నేనూ ముందుగదిలో కూర్చుని కదలకుండా విన్నాం.

లీలావతి అత్తయ్య మా నాన్నకి చిన్నాన్న కూతురు. అంటే మాకు మేనత్త వరస. ఆమె కొడుకు మాకు బావ. తెలుగువాళ్ళకి ఇంతకుమించి విడమరిచి చెప్పక్కర్లేదు. మేనత్త కొడుకైతే బావ, చేసుకోవచ్చు. పెద్దమ్మ కొడుకైతే అన్న, ఆ మాట ఎత్తినా చెంప పగులుతుంది.

పెళ్ళికి ఎవరెవరు వస్తున్నారో తెలుసుకోవాలి కదా. తెనాలి, బాపట్ల, రేపల్లె, మధ్యలో నిజాంపట్నం దాకా చుట్టాలు. ఫోన్లు చేసి రాసుకుంటే సరిపోయేది. నేను అలా ఎందుకు చేస్తాను? ఫారం తయారుచేశాను. మొదటి గడి: "మీరు ఎవరి తరపు?" పెద్దమ్మ-పిన్ని తరపు, మేనత్త-మేనమామ తరపు, పెదనాన్న-బాబాయి తరపు. రెండో గడి: "పెళ్ళికూతురికి ఏమవుతారు?" మొదటి దాంట్లో పెద్దమ్మ తరపు అని నొక్కితే రెండో దాంట్లో అన్న, తమ్ముడు, అక్క, చెల్లి వస్తాయి. మేనత్త తరపు అంటే బావ, మరిది, వదిన, మరదలు వస్తాయి. నొక్కేవాళ్ళకి శ్రమ ఎందుకని, కింది గడి ఖాళీగా ఉంటే జాబితాలో మొదటి మాట దానంతటదే పడేలా కూడా పెట్టాను. మన బంధుత్వాలన్నీ రెండు గడుల్లో సర్దేశానని ఆ రాత్రి నాకు ఆనందంతో అన్నం సహించలేదు.

మొట్టమొదట ఎవరికి పంపాలి? కాబోయే బావకే. "బావా, ఒకసారి నింపి చూడండి, ఎలా ఉందో చెప్పండి" అన్నాను. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది, "చాలా బాగుందమ్మా" అని. దాన్ని ఫోటో తీసి ఆఫీసు గ్రూపులో పెట్టాను కూడా.

మా చర్చిలో పెళ్ళికి ముందు వరసగా మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ వివాహం నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి అని. మొదటి రెండు ఆదివారాలూ సాఫీగా గడిచాయి. రెండో ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, అమ్మతో అన్నారు: "ఇద్దరూ చుట్టాలే కదా. ఏ వరసో కాగితం మీద రాసి పంపండమ్మా, రికార్డులో ఉంటుంది."

"రాయడం ఎందుకండి, నా దగ్గర అన్నీ ఉన్నాయి, ప్రింటు తీసి ఇస్తాను" అన్నాను నేను. ఎవరూ నన్ను అడగలేదు, గమనించండి.

శనివారం ప్రింటు తీశాను. పైన పెద్ద అక్షరాల్లో "బంధువుల పట్టిక" అని రంగు కూడా వేశాను. అయ్యగారింటికి చేర్చాను. అంతటితో ఆగితే నేను నేనెందుకవుతాను? అదే పట్టికని కుటుంబం వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టాను, అందరూ మెచ్చుకుంటారని. ఎవరూ మెచ్చుకోలేదు. ఎవరూ తిట్టనూ లేదు. ఆ నిశ్శబ్దం చూసైనా నేను ఒకసారి ఆ కాగితం చదివి ఉండాల్సింది.

ఆదివారం ఉదయం తొమ్మిది కాకముందే చర్చికి చేరాం. ఆరాధన తొమ్మిదిన్నరకి. గేటు దగ్గరే ఒకరు ఎదురొచ్చి, "అయ్యగారు పక్కగదిలోకి రమ్మంటున్నారు, ముగ్గుర్నీ" అన్నారు. లోపలికి వెళ్తే అయ్యగారి ఎదురుగా కుర్చీలో సుగుణమ్మ మామ్మ కూర్చుని ఉంది.

సుగుణమ్మ మామ్మ అంటే మా నాన్నకి పెద్దమ్మ. ఉండేది కొలకలూరు. ఎనభై దగ్గర పడుతున్నా మా వంశంలో ఎవరికి ఎవరు ఏమవుతారో తడుముకోకుండా చెప్పేది ఆవిడే. ఎవరింట్లో పెళ్ళి మాట వచ్చినా ముందు ఆవిడ "సరే" అనాలి. ఈ పెళ్ళికి కూడా అంది. నిన్న గ్రూపులో పెట్టిన నా పట్టిక ఎవరో ఆవిడకి చదివి వినిపించినట్టున్నారు. ఆ "సరే" వెనక్కి తీసుకోవడానికి పొద్దున్నే ఆటో కట్టించుకుని వచ్చిందని ఆవిడ మొహం చూస్తేనే తెలిసిపోయింది.

అయ్యగారు నా రంగుల పట్టిక తీసి బల్ల మీద పెట్టారు. మొదటి వరుస మీద వేలు పెట్టారు.

"ఇదేంటమ్మా?"

చదివాను. "ప్రభాకర్. రేపల్లె. మేనత్త తరపు. పెళ్ళికూతురికి: అన్న."

పక్కన అక్క కూడా వంగి చదివింది. కొంగు కొస పట్టుకుని నిలబడింది, అంతే. నన్ను తిట్టినా బాగుండేది.

"తప్పు పడిందండి" అన్నాను.

"ఎవరు రాశారు?" అంది మామ్మ.

"బావే నింపాడు మామ్మా, కానీ..."

"కుర్రాడే రాశాడంటే తెలియకుండా రాస్తాడా? వాళ్ళింట్లో ఏదో అనుకుని ఉంటారు. వరస కలవదని చెప్పలేక ఇట్టా రాసుంటాడు."

"అదేం కాదు మామ్మా. కంప్యూటర్లో..."

"కంప్యూటరు అబద్ధం చెప్పదని నువ్వే చెప్పావుగా, మొన్న మా ఇంటికొచ్చి."

చెప్పాను. ఆ మాట చెప్పి వాళ్ళింట్లో రెండు అరిసెలు కూడా తిన్నాను.

అయ్యగారు గడియారం చూశారు. "చూడండమ్మా, నాకు ఈ పెళ్ళి మీద అనుమానం లేదు. కానీ ఇంటిపెద్ద అభ్యంతరం చెబుతుంటే నేను సంఘం ముందు నిలబడి ప్రకటన చదవలేను. ఈరోజు చదవకపోతే గురువారం పెళ్ళి చేయలేను. పై వారం నుంచి శ్రమకాలం, ఈస్టరు దాటేదాకా పెళ్ళిళ్ళుండవు. అప్పుడు మళ్ళీ మూడు వారాలూ మొదటి నుంచి చదవాలి."

ఆయన మర్యాదగా నెలల లెక్కలో చెప్పారు. మా అందరికీ వినపడింది వేరే. రెండుసార్లు నలుగురి మాటలకే సంబంధం పోయిన పిల్ల. ఇప్పుడు "అన్న వరసంట" అని ఒక్క నోట బయటికి వస్తే, ఈస్టరు కాదు, ఏ పండగ దాటినా ఇక ఈ పెళ్ళి జరగదు.

బయటికి పరిగెత్తి బావకి ఫోన్ చేశాను. ఆయనా, లీలావతి అత్తయ్యా రేపల్లె ప్యాసింజర్లో వస్తున్నారు.

"బావా, ఎక్కడున్నారు?"

"వేమూరు ఎప్పుడో దాటామమ్మా, తెనాలి వచ్చేస్తోంది. ఏంటి, గొంతు అట్టా ఉంది?"

"ఫారంలో మీరు ఏం నొక్కారు?"

"ఏ ఫారం?"

"నేను పంపిన ఫారం బావా. ఏం నొక్కారు, జ్ఞాపకం తెచ్చుకోండి."

రైలు చప్పుడు. తర్వాత నింపాదిగా జవాబు. "ముందు పొరపాటున పెద్దమ్మ తరపు మీద వేలు పడింది. వెంటనే మేనత్త తరపు అని మార్చాను. కింద ఇంకేం చూడలేదు. అయినా బాగుందమ్మా ఫారం."

శేషగిరి గారు టీ తాగడానికి వెళ్ళిపోతూ చూసిన చూపు సరిగ్గా అప్పుడు నా కళ్ళ ముందుకొచ్చింది.

లోపలికి పరిగెత్తాను. అయ్యగారి ముందు ఫోన్ పెట్టి ఫారం తెరిచాను. "చూడండి అయ్యగారూ. పెద్దమ్మ తరపు నొక్కాను. కింద అన్న అని దానంతటదే పడింది. ఇప్పుడు పైన మేనత్త తరపు అని మారుస్తున్నాను. కింద చూడండి. ఇంకా అన్న అనే ఉంది. అది చెరిగిపోవాలి. చెరిగేలా నేను పెట్టలేదు. తప్పు బావది కాదు, నాది."

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని తనే రెండుసార్లు నొక్కి చూశారు. "అర్థమైంది" అన్నారు. నాకు ఊపిరి వచ్చింది. అప్పటికి తొమ్మిదీ పది.

మామ్మ మాత్రం ఫోన్ వైపు చూడలేదు. ఒకసారి తవ్వడం మొదలుపెట్టాక ఆవిడ మధ్యలో ఆపే మనిషి కాదు.

"అది సరేనయ్యా. తండ్రి వైపు నుంచి బావే, నాకు తెలియదా. తల్లి వైపు నుంచి కూడా చూడాలిగా. రాత్రంతా ఆలోచించాను. విమలా, ఇటు రా." విమల అంటే మా అమ్మ. "నువ్వు లీలని ఏమని పిలుస్తావు?"

అమ్మ మొహంలో రంగు మారింది.

"చెప్పు."

"లీలక్కా అనేనండి."

ఇది కొంచెం వివరంగా చెప్పాలి. అమ్మా, లీలావతి అత్తయ్యా పెళ్ళిళ్ళు కాకముందు బాపట్లలో టీచర్ ట్రైనింగు చదువుతూ ఒకే హాస్టల్లో ఉన్నారు. ఆవిడ ఒక ఏడాది పెద్ద. మా నాన్నకి అమ్మని చూపించిందీ ఆవిడే. పెళ్ళయ్యాక భర్తకి అక్క అయిన మనిషిని వదినా అని పిలవాలి. మా అమ్మ ముప్పై ఏళ్ళకు పైగా అక్కా అనే పిలుస్తోంది. మాకెవరికీ అది తప్పుగా అనిపించలేదు, ఎందుకంటే అసలు ఎవరూ వినలేదు.

"నువ్వు అక్కా అంటే, అక్క కొడుకు నీకేమవుతాడు?" అంది మామ్మ.

అమ్మ తలొంచుకుంది. "కొడుకండి."

"నీ కొడుకు నీ కూతురికి ఏమవుతాడు?"

ఆ జవాబు నా ఫారం ముందే చెప్పేసింది.

సరిగ్గా అప్పుడు ప్రభాకర్ బావా, లీలావతి అత్తయ్యా ఆయాసపడుతూ వచ్చారు. స్టేషన్ నుంచి ఆటోలో వచ్చేలోపు బావకి నేను మెసేజిలో విషయం చెప్పాను. అత్తయ్యకి చెప్పేంత వ్యవధి ఆయనకి దొరకలేదు. ఆవిడ చేతిలో పూలపొట్లం ఉంది.

అయ్యగారు మెల్లగా అన్నారు, "సుగుణమ్మ గారూ, మాటతో వచ్చిన చిక్కు మాటతోనే పోతుందేమో చూద్దాం. విమలమ్మ గారు ఇప్పుడు అందరి ముందు ఆమెని సరైన వరస పెట్టి పిలుస్తారు. మీకు సమ్మతమేనా?"

మామ్మ కొంచెం ఆలోచించింది. "పిలవమనండి."

అమ్మ లేచి నిలబడింది. నోరు తెరిచింది. మాట రాలేదు. మళ్ళీ తెరిచింది. "అ..." అని మొదలై ఆగిపోయింది. నేను గోడకి ఆనుకుని వదిన, వదిన అని పెదాలతో అందిస్తున్నాను, పరీక్ష హాల్లో చీటీ అందించినట్టు. అక్క కళ్ళు మూసుకుంది. బయట మొదటి గంట కొట్టారు.

"వదినా" అంది అమ్మ చివరికి. ఎంత పరాయిగా వినపడిందో. పక్కింటికి ఎవరో కొత్తగా వచ్చి పిలిచినట్టుంది.

లీలావతి అత్తయ్యకి గుండె కరిగిపోయింది. ఏం జరుగుతోందో ఆవిడకి తెలియదు పాపం. విమల మొహం చూసి ఏదో బాధలో ఉందని మాత్రం అర్థమైంది. పూలపొట్లం బల్ల మీద పడేసి, రెండు చేతులూ చాచి, నోరారా అంది:

"ఏంటి చెల్లీ?"

బావ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. అయ్యగారు కిటికీ వైపు తిరిగారు. మామ్మ కుర్చీలో వెనక్కి వాలి, "చూశారా" అంది. నేను నేల మీద చతికిలబడ్డాను. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు.

అప్పుడు మాట్లాడింది అక్క. అప్పటిదాకా నోరు విప్పలేదు కాబట్టి అందరం ఉలిక్కిపడ్డాం.

"మామ్మా, ఒకటి అడుగుతాను. అయ్యగారు ప్రతి ఆదివారం ప్రసంగం మొదలుపెట్టేటప్పుడు మనందరినీ ఏమంటారు?"

"ఏమంటారు, సహోదరీ సహోదరులారా అంటారు."

"మీ పెళ్ళికి ముందు కూడా అనేవాళ్ళా?"

"ఎప్పుడూ అంటారు."

"మీరూ తాతయ్యా ఒకే చర్చిలో కూర్చుని విన్నారా?"

మామ్మ చేతికర్రని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"మరి ఆ వరసన మీ పెళ్ళెట్టా జరిగింది మామ్మా?"

అయ్యగారికి దగ్గొచ్చింది. చాలాసేపు దగ్గారు.

"అది ప్రేమతో అనే మాటే" అంది మామ్మ, కాస్త తగ్గి.

"మా అమ్మ అనేదీ ప్రేమతోనే మామ్మా." అక్క వెళ్ళి అమ్మ పక్కన నిలబడింది. "నాన్న పోయిన రోజు నుంచి అమ్మకి ఆ ఒక్క అక్కే దిక్కు. నా పెళ్ళి కోసం ఆ పిలుపు మానిపించకండి. నాకు ప్రభాకర్ కావాలి, అమ్మకి వాళ్ళక్క ఉండాలి. రెండూ కావాలి."

రెండో గంట కొట్టారు. మామ్మ అమ్మనీ, అత్తయ్యనీ చూసింది. ఇద్దరూ చిన్నపిల్లల్లా చేతులు పట్టుకుని నిలబడ్డారు. అత్తయ్యకి అప్పుడప్పుడే అర్థమవుతున్నట్టుంది, భయంగా కొడుకు వైపు చూస్తోంది. మామ్మ కర్ర పట్టుకుని లేచింది. గుమ్మం దగ్గర ఆగి నా వైపు తిరిగింది.

"పెళ్ళి ఆపడానికి నేనెవర్ని. ఆ కాగితం మాత్రం చింపెయ్యమ్మా. తండ్రి వైపే లెక్క, బావే" అంది.

ఆ ఉదయం మూడో ప్రకటన చదివారు. "ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే తెలియజేయాలి" అన్నాక అయ్యగారు మామూలుగా రెండు క్షణాలు ఆగుతారు. ఆరోజు నాకు రెండు గంటలు ఆగినట్టు అనిపించింది. ముందు వరసలో మామ్మ ఒకసారి కదిలింది. అక్క నా చెయ్యి గట్టిగా నొక్కింది, గోళ్ళు దిగాయి. మామ్మ కదిలింది కర్ర సర్దుకోవడానికేనట. గురువారం పెళ్ళి జరిగింది.

వాళ్ళ కాపురం చల్లగా ఉంది. రేపల్లెలో ఇల్లు, ఒక పాప. అమ్మ ఇప్పటికీ లీలక్కా అనే పిలుస్తోంది, ఎవరూ లెక్కలు తీయడం లేదు. చిక్కల్లా ఒక్కటే. అక్కకి బావ మీద కోపం వస్తే తిట్టదు, అరవదు. చుట్టాలు నిండుగా ఉన్న గదిలో, తియ్యగా, అందరికీ వినపడేలా, "ఏంటన్నయ్యా?" అంటుంది. బావ మొహం కందగడ్డలా అయిపోతుంది. వెంటనే ఆయన వెతికేది నన్ను.

కాబట్టి చదివేవాళ్ళందరి ముందూ, ఒక చెయ్యి మౌస్ మీద, ఒక చెయ్యి గుండె మీద పెట్టి ప్రమాణం చేస్తున్నాను. నా ఒంట్లో ఊపిరి ఉన్నంతవరకు ఎవరు ఎవరికి ఏమవుతారో అడిగే ఫారం తయారుచేయను. మెడ మీద కత్తి పెట్టి చేయించినా సరే, పై గడి మారిన మరుక్షణం కింది గడిని తుడిచిపెట్టేస్తాను, తుడిచిందో లేదో వందసార్లు నొక్కి చూస్తాను. శేషగిరి గారు టీకి వెళ్తానంటే కాళ్ళు పట్టుకుని ఆపి కారణం అడుగుతాను.

ఈ ప్రమాణానికి సాక్షి సంతకం మా ప్రభాకర్ గారిది. ఆయన నాకు ఏమవుతారో మాత్రం రాయించలేదు.